అడుగు ఊడిన పడవ

2008 జూన్ 6, శుక్రవారం. అర్ధరాత్రి కావస్తోంది. టెక్సస్ తీరం దాటి గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో 38 అడుగుల రేసు పడవ ఒకటి తెరచాపలెత్తి దక్షిణానికి పోతోంది. పేరు సింథియా వుడ్స్. ఆ రోజే గాల్వెస్టన్‌లో పందెం మొదలైంది. మెక్సికోలోని వెరాక్రూజ్ రేవు దాకా వెళ్లాలి, 600 నాటికల్ మైళ్లకు పైబడిన దారి. ఈ పందెం పేరు రెగాటా దె అమీగోస్, అంటే స్నేహితుల పోటీ.

పడవలో ఆరుగురున్నారు. నలుగురు గాల్వెస్టన్‌లోని టెక్సస్ ఎ అండ్ ఎం విశ్వవిద్యాలయం విద్యార్థులు. వాళ్లకు తోడుగా ఇద్దరు సేఫ్టీ ఆఫీసర్లు. ఆ ఇద్దరిలో ఒకరు రోజర్ స్టోన్, వయసు 53. సముద్రం మీద రాత్రిపూట అందరూ మేలుకుని ఉండరు. వంతుల వారీగా కొందరు పైన చుక్కాని దగ్గర ఉంటే మిగిలినవాళ్లు కింద క్యాబిన్‌లో నడుం వాలుస్తారు. ఆ వేళకు ఇద్దరు కుర్రాళ్లు కింద ఉన్నారు. స్టోన్ కూడా అక్కడే ఉన్నారు.

తుఫాను లేదు. కొండంత అలలూ లేవు. పడవ దేన్నీ గుద్దుకోలేదు. అయినా క్యాబిన్‌లోకి నీళ్లొచ్చాయి. ఏదో సందులోంచి ఊరుతున్న నీళ్లు కావవి, అడుగునుంచి ఎగదన్నుకొస్తున్న సముద్రం. ఏం జరిగిందో ఆలోచించే వ్యవధి ఎవరికీ లేదు. స్టోన్ ఆ ఇద్దరు కుర్రాళ్లనూ పైకి, గుమ్మం వైపుకి నెట్టారు. వాళ్లు బయటపడ్డారు. నిమిషమైనా గడవకముందే పడవ తిరగబడింది. తెరచాప స్తంభం నీళ్లలోకి, బొజ్జ ఆకాశంలోకి. స్టోన్ మాత్రం బయటికి రాలేదు.

బోల్తా కొట్టిన తెరచాప పడవ మళ్లీ దానంతటది లేవాలి. సముద్రంలోకి వెళ్లే రేసు పడవను తయారుచేసేదే అలా. సింథియా వుడ్స్ లేవలేదు. ఎందుకు లేవలేదో అర్థం కావాలంటే ఆ చీకట్లోంచి కాసేపు బయటికొచ్చి పడవ అడుగు చూడాలి.

హుస్సేన్ సాగర్‌లో వానాకాలం జరిగే లేజర్ అనే చిన్న పడవల పోటీలు చూసినవాళ్లకు ఒక దృశ్యం గుర్తుండే ఉంటుంది. గాలి కొట్టి పడవ ఒక పక్కకు ఒరగగానే అందులోని పిల్లవాడు రెండో అంచు మీదికి పోయి, వీపు నీళ్లకు తగిలేంతగా వెనక్కి వాలతాడు. ఒంటి బరువుతో పడవను నిలబెడతాడు. బోల్తా పడినా నవ్వుకుంటూ ఎక్కి తిప్పుకుంటాడు. 38 అడుగుల పడవకు ఆ పని మనుషుల వల్ల కాదు. అందుకే దాని అడుగున నిలువుగా ఒక రెక్క దిగేస్తారు, చివర సీసంతోనో ఇనుముతోనో బరువు పెడతారు. అదే కీల్. ఇంత పడవకు ఆ బరువు రెండు టన్నుల పైమాటే. గాలి పైనుంచి ఎంత తోస్తే కీల్ కిందినుంచి అంత లాగుతుంది. పడవ పక్కకు జారిపోకుండా ముందుకు పోవడం కూడా ఆ రెక్క పుణ్యమే.

ఈ రెండు టన్నుల లోహం దేన్ని పట్టుకుని వేలాడుతోంది? ఫైబర్‌గ్లాస్‌తో చేసిన పడవ అడుగును. లోహానికి బోల్టులుంటాయి, అవి పడవ అడుగును తొలుచుకుని లోపలికి వస్తాయి. లోపల వాటికి లోహపు పలకలు వేసి నట్లు బిగిస్తారు. అడుగు వంగకుండా అడ్డంగా దూలాల్లాంటి దిమ్మలు కడతారు, పడవలవాళ్లు వాటిని ఫ్లోర్లంటారు. అంటే కీల్ బరువు బోల్టులకు, బోల్టుల నుంచి పలకలకు, పలకల నుంచి అడుగు పొరకు, పొర నుంచి ఫ్లోర్లకు పోతుంది. ఈ గొలుసులో ఏ ఒక్క లంకె వదులైనా తక్కినవన్నీ అలంకారమే.

చిన్న లెక్క వేద్దాం. రెండు టన్నుల కీల్, దాని బరువంతా అడుగుకు ఒకటిన్నర మీటర్ల కింద ఉందనుకుందాం. పడవ పూర్తిగా పక్కకు పడుకుంటే అతుకు దగ్గర పడే మెలి 3 టన్ను-మీటర్లు. బోల్టుల రెండు వరసల మధ్య ఎడం 15 సెంటీమీటర్లే అయితే, ఒక వరస మీద పడే లాగుడు 20 టన్నులు. కీల్ బరువు రెండే టన్నులు, అతుకు మోసేది మాత్రం దానికి పదింతలు. ఇది అలల ఊపు కలపకుండానే. ఇక 6 సెకన్లకో అల చొప్పున వస్తే రోజుకు 14,400 సార్లు ఆ బరువు కాస్త ఎక్కువగానో తక్కువగానో అటూ ఇటూ ఊగుతుంది. బలం సరిపోతే ఏళ్ల తరబడి ఏమీ కాదు. సరిపోకపోతే ఒక్కో ఊపుకు ఒక్కో గాజు పోగు తెగుతూ పోతుంది. ఆ చప్పుడు ఎవరి చెవినా పడదు.

అక్కడ గల్ఫ్ నీళ్లలో ఐదుగురు తేలుతున్నారు. లైఫ్‌జాకెట్లు నాలుగే. ఎవరూ ఎవరినుంచీ దూరం కాకుండా ఒకరినొకరు పట్టుకున్నారు, ఉన్న నాలుగింటి తేలికను ఐదుగురూ పంచుకున్నారు. లైఫ్‌ర్యాఫ్టు వాళ్లకు అందలేదు. పడవలో రేడియో ఉంది, సిగ్నల్ పంపే పరికరాలున్నాయి. అన్నీ తలకిందులైన పడవలోనే ఉండిపోయాయి. ఆపద ఇంత త్వరగా వస్తే పరికరాల జాబితా ఎంత పొడుగున్నా ఒంటి మీద ఉన్నదే మిగులుతుంది. జూన్‌లో గల్ఫ్ నీళ్లు వెచ్చగా ఉంటాయి కాబట్టి బతికారు. ఇదే ఉత్తర అట్లాంటిక్ అయితే తెల్లవారే దాకా ఆగేవాళ్లు కాదు.

శనివారం పొద్దున రేడియోలో పలకాల్సిన వేళకు సింథియా వుడ్స్ పలకలేదు. కోస్ట్ గార్డ్ వెతుకులాట మొదలుపెట్టింది. ఆ సాయంత్రానికి పడవ దొరికింది, మనుషులు దొరకలేదు. బోర్లాపడి తేలుతున్న ఆ తెల్లటి బొజ్జ మీద నిటారుగా నిలబడి ఉండాల్సిన కీల్ లేదు. అది ఉండాల్సిన చోట రంధ్రం. ఈ వార్త తీరంలో ఎదురుచూస్తున్న కుటుంబాలకు చేరింది. పడవ దొరికి మనిషి దొరకలేదన్న మాట విన్న తల్లికి ఆ రాత్రి ఎలా గడిచి ఉంటుందో నేను రాయనక్కర్లేదు.

శనివారం రాత్రి కూడా వాళ్లు నీళ్లలోనే ఉన్నారు. తలల మీదుగా హెలికాప్టర్ వచ్చినప్పుడు ప్రాణాలతో ఉన్న సేఫ్టీ ఆఫీసరు చేతిలోని చిన్న టార్చి వెలిగించి చూపారు. పైవాళ్ల కంట పడింది. ఆదివారం తెల్లవారుజామున సుమారు 2 గంటలకు, టెక్సస్‌లోని ఫ్రీపోర్ట్‌కు దక్షిణంగా 23 మైళ్ల దూరంలో ఐదుగురినీ పైకి లాగారు. అప్పటికి 26 గంటలు నీళ్లలో ఉన్నారు. అదే రోజు రోజర్ స్టోన్ మృతదేహం దొరికింది. ఆయన నెట్టిన ఇద్దరు కుర్రాళ్లూ ఆ ఐదుగురిలో ఉన్నారు.

పడవ పేరు గురించి ఒక మాట. గాల్వెస్టన్‌లో పుట్టి, టెక్సస్ సహజవాయువు వ్యాపారంలో పెద్ద పేరైన జార్జ్ మిచెల్ భార్య సింథియా వుడ్స్ మిచెల్. పెలికన్ ఐలాండ్ మీద విశ్వవిద్యాలయానికి స్థలమిచ్చింది ఆ కుటుంబమే. గౌరవంగా పెట్టుకున్న పేరు ఇప్పుడు కీల్ ప్రమాదాల చర్చ ఎక్కడ వచ్చినా వినిపించే పేరైపోయింది. ఆ ఏడాది గాల్వెస్టన్‌కు అచ్చిరాలేదు కూడా. మూడు నెలలు తిరగగానే సెప్టెంబరు 13న ఐక్ తుఫాను ఊరి మీద పడింది, విద్యార్థులను కాలేజ్ స్టేషన్‌లోని పెద్ద క్యాంపస్‌కు తరలించారు.

విచారణ మొదలయ్యాక అందరి చూపూ ఆ రంధ్రం మీదే. కీల్ ఊడిందనగానే బోల్టులు తెగాయనుకుంటాం. ఇక్కడ జరిగింది వేరు. కీల్ పోతూ పోతూ తాను అంటిపెట్టుకున్న పడవ అడుగును ముక్కగా పెరుక్కుని పోయింది. అంటే లోహం గెలిచింది, ఫైబర్‌గ్లాస్ ఓడింది. కీల్ అతికిన చోట అడుగుకు ఉండాల్సినంత బలం లేకపోయింది. ఆ పడవ అంతకుముందు నేల తగిలిన సందర్భాలు, ఆ తర్వాత జరిగిన మరమ్మతు, ఈ రెండూ కోస్ట్ గార్డ్ విచారణలోకి వచ్చాయి.

నేల తగలడం గాల్వెస్టన్‌లో వింతేమీ కాదు. అక్కడి అఖాతం సగటు లోతు 10 అడుగుల లోపే. ఓడల కాలువ వదిలి కాస్త పక్కకు జరిగితే లోతైన కీలున్న పడవ బురదలో దిగబడుతుంది. రాయి కాదు, పగడపు దిబ్బ కాదు, మెత్తని బురద. ఎవరో మోటారు పడవతో వచ్చి లాగుతారు, నవ్వుకుంటారు, సాయంత్రం క్లబ్బులో చెప్పుకోవడానికి ఒక కథ మిగులుతుంది. పడవలవాళ్లలో ఇలా నేల తగలనివాడు లేడని సామెతలా చెప్పుకుంటారు. నాకు అసలు భయం పుట్టించేది ఆ నవ్వే.

ఇంకో లెక్క. 5 టన్నుల పడవ 6 నాట్ల వేగంతో, అంటే సెకనుకు 3 మీటర్లతో పోతోంది. కీల్ కొన దేనికో తగిలి 30 సెంటీమీటర్ల లోపు ఆగింది. కొన మీద పడే సగటు తోపుడు 8 టన్నులు. ఆ కొన అడుగుకు 2 మీటర్ల కింద ఉంది. కీల్ ఆగింది కానీ పడవ ఆగదు, ముందుకు పోవాలనుకుంటుంది. దాంతో కీల్ ముందంచు అడుగును కిందికి లాగుతుంది, వెనకంచు అడుగును పైకి గుద్దుతుంది. కీల్ మొదలు 1.2 మీటర్ల పొడుగుంటే వెనకంచు దగ్గర పైకి పడే పోటు 13 టన్నుల దాకా పోతుంది. నేల మెత్తనైతే పడవ ఇంకాస్త దూరం జరిగి ఆగుతుంది, అంకె తగ్గుతుంది. తగ్గుతుందే తప్ప పోదు. పైగా దిగబడిన పడవను ఇంకో పడవతో గుంజుతున్నప్పుడు, స్తంభం కొనకు తాడు కట్టి ఒరగలాగుతున్నప్పుడు పడే మెలిని ఎవరూ లెక్కలో వేయరు.

దెబ్బ ఎక్కడ పడిందో చూడాలంటే కీల్ కొన చూసి లాభం లేదు. అందరూ చూసేది మాత్రం అదే. కొన మీద సీసం చొట్టపోతే ముద్ద పెట్టి, సానబట్టి, రంగు వేస్తారు. అసలు దెబ్బ రెండు మీటర్ల పైన, క్యాబిన్ నేలపలకల కింద, వెనక బోల్టుల చుట్టూ ఉంటుంది. అక్కడ ఫ్లోరు దిమ్మ అడుగు నుంచి వెంట్రుకవాసి విడిపోయి ఉండవచ్చు. పొరల మధ్య జిగురు వదిలి ఉండవచ్చు. బయట కీల్‌కూ పడవకూ నడుమ సన్నటి గీత కనిపిస్తే, దాంట్లో ముద్ద నింపి పైన రంగు వేసేవాళ్లూ ఉన్నారు. బీట ఇచ్చిన గోడకు పండగ ముందు సున్నం కొట్టడం లాంటిదది. గోడైతే మనిషి కళ్లెదుట ఉంటుంది కాబట్టి బీట మళ్లీ కనిపిస్తుంది. పడవ అడుగు నీళ్లలో ఉంటుంది.

మరైతే సరైన మరమ్మతు అంటే ఏమిటి? ఈ ప్రమాదం గురించి చదివినవాళ్లంతా ఊడిన కీల్ గురించే మాట్లాడతారు, యార్డులో జరగాల్సిన పని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. కాబట్టి దాన్ని కొంచెం నింపాదిగా చెబుతాను.

ముందు పడవను ట్రావెల్ లిఫ్ట్ అనే క్రేన్ పట్టీలతో నీళ్లలోంచి ఎత్తుతారు. ఎత్తగానే నేల మీద దించేయకూడదు. కీల్ గాలిలో వేలాడుతుండగానే అతుకు చూడాలి, ఎందుకంటే బరువు కిందికి లాగుతున్నప్పుడే సందు తెరుచుకుంటుంది. దించాక అదే సందు మూసుకుని ఏమీ ఎరగనట్టు ఉంటుంది. ఇద్దరు మనుషులు కీల్ కొన పట్టుకుని అటూ ఇటూ ఊపుతుంటే మూడోవాడు లోపల టార్చి వేసుకుని ఫ్లోర్ల పక్కన చెయ్యి పెట్టి చూడాలి. దేనికది విడిగా కదులుతున్నట్టు వేలికి తెలిస్తే ఇక సందేహం లేదు.

తర్వాత చిన్న ప్లాస్టిక్ సుత్తితో తట్టడం. గట్టిగా ఉన్న చోట ఫైబర్‌గ్లాస్ టకటకమంటుంది, పొరలు విడిపోయిన చోట బోలుగా పలుకుతుంది. తట్టుకుంటూ పోయి, బోలు పలికిన మేర పెన్సిలుతో గీత గీస్తారు. ఆ గీత చాలాసార్లు యజమాని అనుకున్నదానికి రెండింతలో మూడింతలో వస్తుంది. ఇక్కడే బేరం మొదలవుతుంది. ఇది నిజంగా అంతుందా? పైపైన కాస్త పూస్తే ఈ సీజన్ గడవదా? వచ్చే నెలలో రేసుంది కదా? ఏ యార్డు మేస్త్రీనైనా ఈ మూడు ప్రశ్నలూ అడగని యజమాని ఉండడు. మేస్త్రీ మొహమాటస్తుడైతే పడవకు చేటు.

నిజానికి కీల్ దించకుండా ఖాయంగా ఏదీ చెప్పలేం. నట్లు విప్పాలి, అతుకులో పట్టిన జిగురును రంపంతోనో తీగతోనో కోయాలి, జాకీలతో పడవను అంగుళం అంగుళం పైకి లేపాలి. రెండు టన్నుల లోహం ఒక చోట, పడవ ఇంకో చోట. అప్పుడు బోల్టులు చూడాలి. స్టెయిన్‌లెస్ స్టీలుకు తుప్పు పట్టదన్నది ఒడ్డు మీది మాట. గాలి ఆడని తడి సందులో దానికీ తుప్పు పడుతుంది, అదీ సరిగ్గా అతుకు మధ్యలో, పైనా కిందా మెరుస్తూనే నడుం దగ్గర సన్నబడిపోతుంది. నట్టు వైపు నుంచి చూస్తే కొత్త బోల్టులాగే ఉంటుంది.

ఇప్పుడు గ్రైండర్. దెబ్బతిన్న పొరలన్నీ గట్టి గాజు తగిలే దాకా చెక్కేయాలి. అంతటితో ఆగితే మరమ్మతు గుంత పూడ్చినట్టే అవుతుంది, బలం రాదు. గుంత అంచులను చాలా ఏటవాలుగా, ఒకటికి పన్నెండు పాళ్లలో దిద్దాలి. అడుగు మందం 1 సెంటీమీటరైతే అన్ని వైపులా 12 సెంటీమీటర్ల దాకా చెక్కుకుంటూ పోవాలి. అరచేతంత దెబ్బకు బల్లంత గాయం చేయాలి. చూసేవాడికి ఈ మనిషి పడవను బాగుచేస్తున్నాడా పాడుచేస్తున్నాడా అనిపిస్తుంది. కారణం ఏమిటంటే పాత ఫైబర్‌గ్లాస్ మీద వేసే కొత్త పొర దానితో రసాయనికంగా కలిసిపోదు, అంటుకుంటుందంతే. మొదటిసారి అచ్చులో పోసినప్పుడు పొరలన్నీ కలిసి ఒకే ముద్దగా గట్టిపడతాయి. తర్వాత ఎప్పుడు అతికినా అది అతుకే. అతుకు నిలవాలంటే అంటుకునే వైశాల్యం కావాలి, ఆ వైశాల్యం కోసమే అంత ఏటవాలు.

ఆ ఏటవాలులో గాజు గుడ్డ ముక్కలను ఒకదాని కన్నా ఒకటి కాస్త పెద్దవిగా కత్తిరించి, ఎపాక్సీలో తడిపి పరుస్తారు. పోగులు ఏ దిక్కుకు పోవాలో కూడా లెక్కే. పడవ పొడుగునా కొన్ని, ఐమూలగా కొన్ని. బరువు ఏ దారిన పోతుందో పోగు ఆ దారిన ఉండాలి. తడి ఎక్కువైతే బరువే తప్ప బలం రాదు, తక్కువైతే పొడి మచ్చలు మిగులుతాయి. పైన ప్లాస్టిక్ పరిచి గాలి లాగేస్తే పొరలు ఒత్తుకుంటాయి. చలి ఉంటే వేడి పెట్టి గట్టిపరచాలి. ఫ్లోర్లను మళ్లీ అడుగుకు పొరలతో కట్టాలి, మూలల్లో గుండ్రంగా ముద్ద దిద్ది మరీ కట్టాలి. పదునైన మూలలో గాజు పోగు వంగదు, విరుగుతుంది. బోల్టు కింద పలకలు చిన్నవైతే పెద్దవి వేయాలి. చిన్న పలక బరువునంతా తన అంచు దగ్గరే దింపి అడుగును కోస్తుంది.

ఆఖర్న కీల్. ఎక్కడా ఖాళీ లేకుండా ముద్ద పరిచి కూర్చోబెట్టి, డిజైనర్ చెప్పిన టార్క్ మేరకు బిగించాలి. సముద్రంలో కొన్నాళ్లు తిప్పి వచ్చాక మళ్లీ బిగింపు చూసుకోవాలి. ఇంత పనికీ గీతలు గీసి ఇవ్వాల్సింది పడవ డిజైనరో, నిర్మాణం తెలిసిన ఇంజినీరో. మేస్త్రీ చేతిలో ఎంత పనితనమున్నా అడుగు ఎంత మందం ఉండాలో చెయ్యి చెప్పదు.

చెప్పుకుంటే ఆరు పేరాలే. యార్డులో మాత్రం వారాలు పడుతుంది. క్రేన్ ఖర్చు, స్థలం అద్దె, గ్రైండర్ పట్టేవాడి కూలి, పోయిన సీజన్. ఇంతా చేశాక బయటినుంచి చూస్తే పడవ నిన్నటిలాగే ఉంటుంది. పడవ లోకంలో ఇంత డబ్బు పెట్టి ఇంత కనిపించని పని ఇంకోటి లేదు. కొత్త తెరచాప కొంటే పది మంది చూస్తారు. విశ్వవిద్యాలయం పడవైనా కోటీశ్వరుడి పడవైనా ఖర్చు తగ్గించుకునే మొదటి చోటు ఇదే కావడంలో ఆశ్చర్యమేమీ లేదు.

సింథియా వుడ్స్ బోల్తా పడిన ఆరేళ్లకు, 2014 మేలో, చీకీ రఫీకీ అనే 40 అడుగుల పడవ ఆంటిగ్వాలో పోటీలు ముగించుకుని ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్‌కు తిరిగి వెళ్తోంది. నలుగురు బ్రిటిష్ నావికులు. అట్లాంటిక్ నడిమధ్యలో పడవలోకి నీళ్లొస్తున్నాయని కబురు పంపారు, ఆ తర్వాత కబుర్లు ఆగిపోయాయి. గాలింపు బాధ్యత అమెరికా కోస్ట్ గార్డ్‌దే. రెండు రోజులు వెతికి ఆపేసింది, జనం నుంచీ బ్రిటన్ ప్రభుత్వం నుంచీ ఒత్తిడి రావడంతో మళ్లీ మొదలుపెట్టింది. మే 23న అమెరికా నౌకాదళ నౌక ఆస్కార్ ఆస్టిన్‌కు పడవ కనిపించింది. బోర్లాపడి ఉంది, కీల్ లేదు. లైఫ్‌ర్యాఫ్టు కట్టిన చోట కట్టినట్టే ఉంది. నలుగురిలో ఎవరూ దొరకలేదు.

పడవ చేతికి రాలేదు కాబట్టి బ్రిటన్‌కు చెందిన సముద్ర ప్రమాదాల విచారణ సంస్థ ఇదే కారణమని గట్టిగా చెప్పలేకపోయింది. కానీ ఆ పడవ కూడా అంతకుముందు నేల తగిలింది, తర్వాత మరమ్మతు జరిగింది. దాని లోపల ఫ్లోర్లు విడివిడిగా కట్టినవి కావు. ఒకే అచ్చులో పోసిన చట్రాన్ని పడవ అడుగుకు జిగురుతో అతికారు. నేల తగిలిన దెబ్బకు ఆ జిగురు వదిలితే, చట్రం పైన కప్పు ఉంటుంది కాబట్టి వదిలిన సంగతి లోపలినుంచీ కనిపించదు. తేలిగ్గా తగిలిందనుకున్న దెబ్బ కూడా ఈ అతుకును కనిపించకుండా చెడగొట్టగలదని 2015 నివేదిక స్పష్టంగా రాసింది. ఆ వాక్యం గాల్వెస్టన్ బురదకూ వర్తిస్తుందనిపించింది నాకు.

అన్ని కీల్ ప్రమాదాలూ ఇలాగే ప్రాణాలు తీయవు. 2011 ఆగస్టులో ఫాస్ట్‌నెట్ రేసులో అమెరికన్ వ్యాపారి జార్జ్ డేవిడ్‌కు చెందిన 100 అడుగుల రాంబ్లర్ ఐర్లండ్ తీరాన కీల్ విరిగి బోల్తా కొట్టింది. 21 మంది ఉన్నారు, అందరూ బతికారు. కొందరు తిరగబడిన పడవ మీదికి ఎక్కి కూర్చున్నారు, కొందరు నీళ్లలో ఒకరినొకరు పట్టుకుని తేలారు. తీరం దగ్గర, పగటి వెలుగు, చుట్టూ వేరే పడవలు. చీకీ రఫీకీకి ఈ మూడూ లేవు. సింథియా వుడ్స్‌కు తీరం కొంత దగ్గరుంది, వెలుగు లేదు.

మనవాళ్ల సంగతికొస్తే, 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి బయల్దేరి 2018 మే 21న తిరిగొచ్చిన ఐఎన్‌ఎస్‌వీ తారిణి మీద ప్రపంచాన్ని చుట్టిన ఆరుగురు నౌకాదళ మహిళల్లో విశాఖపట్నం అమ్మాయి స్వాతి, హైదరాబాద్ అమ్మాయి ఐశ్వర్య బొడ్డపాటి ఉన్నారు. పసిఫిక్‌లో, కేప్ హార్న్ దగ్గర వాళ్లు ఎదుర్కొన్న అలల గురించి పత్రికలు బోలెడు రాశాయి. ఆ ఎనిమిది నెలలూ వాళ్లను నిలువుగా నిలబెట్టిన కీల్ గురించి ఎవరూ ఒక్క ముక్క రాసినట్టు నాకు గుర్తు లేదు. ఊడితే తప్ప అది వార్త కాదు మరి.

ఈ కీల్ ప్రమాదాల తర్వాత ప్రపంచ సెయిలింగ్ సమాఖ్య నిబంధనల్లో కొన్ని మార్పులొచ్చాయి. కొత్తగా కట్టే రేసు పడవల నిర్మాణ గీతలను బయటి సంస్థ చేత పరీక్ష చేయించాలన్నది ఒకటి. ఇంకోటి పాత పడవలకూ వర్తిస్తుంది. ఒడ్డుకు దూరంగా జరిగే పెద్ద రేసుల్లో దిగాలంటే, పడవను నీళ్లలోంచి బయటికి తీసి కీల్ అతుకునూ అడుగునూ తెలిసినవాళ్లు చూశారన్న కాగితం చూపించాలి. రేసుకు ముందు 24 నెలల లోపు చూసి ఉంటే సరిపోతుంది. ఆ మధ్యలో పడవ నేల తగిలితే మాత్రం ఆ కాగితం పనికిరాదు. తగిలింది రాయైనా, బురదైనా, నెల కిందటే చూపించి ఉన్నా, పడవను మళ్లీ లిఫ్ట్ పట్టీల మీదికి ఎక్కించాల్సిందే.